జట్టు పేరు అట్లాంటాది, బిల్లు కాబ్ కౌంటీది

2013 నవంబరు 11న అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు యాజమాన్యం చేసిన ప్రకటన అమెరికా క్రీడాభిమానులను విస్తుపోయేలా చేసింది. నగర కేంద్రానికి కూతవేటు దూరంలో ఉన్న టర్నర్ ఫీల్డ్‌ను 2016 సీజన్ ముగియగానే ఖాళీ చేస్తామనీ, వాయవ్య దిశలో సుమారు పదహారు కిలోమీటర్ల అవతల కాబ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటి పరిపాలనా విభాగం) కొత్త స్టేడియం కట్టుకుంటామనీ జట్టు చెప్పింది. టర్నర్ ఫీల్డ్ ఏమీ పాతబడి కూలిపోతున్న కట్టడం కాదు. 1996 ఒలింపిక్స్ కోసం కట్టి, మరుసటి ఏడాది బేస్‌బాల్‌కు అనువుగా మార్చిన స్టేడియం. అక్కడ అప్పటికి పదిహేడు సీజన్లు మాత్రమే జరిగాయి.

దేశమంతటా గాలి అప్పుడు ఎదురు దిక్కున వీస్తోంది. 1992లో బాల్టిమోర్ నగరం నడిబొడ్డున క్యామ్‌డెన్ యార్డ్స్ మొదలైనప్పటి నుంచి బేస్‌బాల్ జట్లు వరుసగా ఊరి మధ్యకు వచ్చి చేరాయి. క్లీవ్‌లాండ్, డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో, పిట్స్‌బర్గ్, శాన్ డియాగోలన్నీ ఆ బాటే పట్టాయి. అలాంటి కాలంలో ఒక పెద్ద జట్టు నగరాన్ని వదిలి శివారుకు బయలుదేరింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని అప్పట్లో జరిగిన వాదనలన్నీ ఊహల మీద నడిచాయి. ఇప్పుడు ఊహలతో పనిలేదు. కొత్త స్టేడియంలో 2017 నుంచి ఆటలు జరుగుతున్నాయి, లెక్కలు బయటికి వచ్చాయి. జట్టు బాగుపడింది. నగరానికి జరుగుతుందనుకున్న నష్టం పెద్దగా జరగలేదు. ఖర్చు భారం మాత్రం, జట్టు వస్తోందని సంబరపడిన శివారు ప్రజల నెత్తిన పడింది.

నగరంలో ఉన్న స్టేడియం అనగానే మనసులో మెదిలే దృశ్యం ఒకటి ఉంటుంది: జనం రైలు దిగి, హోటళ్లూ దుకాణాలూ ఉన్న వీధిలో నడుచుకుంటూ ఆటకు వెళ్లడం. అట్లాంటాలో అలాంటిదేమీ ఎన్నడూ లేదు. బోస్టన్‌లో పుట్టిన బ్రేవ్స్ జట్టు 1953లో మిల్వాకీకీ, 1966లో అట్లాంటాకూ వచ్చింది. దానికోసం మేయర్ ఐవన్ ఆలెన్ జూనియర్ హయాంలో, జట్టు రాక ఖాయం కాకముందే, 1.8 కోట్ల డాలర్లతో ఒక స్టేడియం కట్టారు. ఆ స్థలం ఖాళీగా పడి ఉన్నది కాదు. రహదారుల కోసం, పట్టణ పునరుద్ధరణ పేరుతో అక్కడి ఇళ్లను కూల్చివేశారు. అందులో నివసించిన వారిలో ఎక్కువ మంది పేద నల్లజాతి కుటుంబాలు. చుట్టుపక్కల మిగిలిన సమ్మర్‌హిల్, మెకానిక్స్‌విల్, పీపుల్స్‌టౌన్ పేటలు ఆ దెబ్బ నుంచి దశాబ్దాల పాటు కోలుకోలేదు.

ఆ మైదానంలోనే 1974 ఏప్రిల్ 8న బ్రేవ్స్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ తన 715వ హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టి పాతతరం దిగ్గజం బేబ్ రూత్ రికార్డును దాటాడు. నల్లజాతి ఆటగాడు ఆ రికార్డును అందుకోవడం సహించలేని వాళ్లు పంపిన బెదిరింపు ఉత్తరాల మధ్య ఆడిన ఆట అది. అమెరికా క్రీడాచరిత్రలో అంతటి ఘట్టానికి వేదికైన ఆ స్టేడియాన్ని 1997లో పేల్చి నేలమట్టం చేసి, పక్కనే వెలసిన టర్నర్ ఫీల్డ్‌కు పార్కింగ్ స్థలంగా మార్చారు. ఆరన్ కొట్టిన బంతి పడిన చోటును గుర్తుగా మిగిల్చారు, దాని చుట్టూ కార్లు నిలిచేవి. బేస్‌బాల్‌లో ఒక జట్టు సొంత మైదానంలో ఏడాదికి 81 ఆటలు ఆడుతుంది. ఆ 81 రోజుల్లో సమ్మర్‌హిల్ వాసులు కొందరు తమ ఇళ్ల ముందు కార్లు నిలుపుకోనిచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. తక్కిన రోజుల్లో ఆ పేట మధ్య తారు పరిచిన విశాలమైన మైదానం బోసిగా పడి ఉండేది. స్టేడియం పక్కనే ఉండి కూడా ఆ పేటకు ఒక మంచి సరుకుల దుకాణం రాలేదు.

జట్టు ఎందుకు వెళ్లింది? అద్దె ఒప్పందం 2016తో ముగుస్తోంది. టర్నర్ ఫీల్డ్‌లో కుర్చీలు, దీపాలు వంటి తప్పనిసరి మరమ్మతులకే 15 కోట్ల డాలర్లు కావాలనీ, ప్రేక్షకుల సౌకర్యాలకు మరో 20 కోట్లు కావాలనీ యాజమాన్యం చెప్పింది. పార్కింగ్ చాలడం లేదనీ, రహదారి నుంచి లోపలికి రావడం కష్టమనీ, నగర రవాణా సంస్థ మార్టా రైలు స్టేషన్ మైలుకు కాస్త తక్కువ దూరంలో ఉందనీ ఫిర్యాదులు చేసింది. నగరం అదే ఏడాది ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్ కొత్త స్టేడియానికి 20 కోట్ల డాలర్ల సాయం చేయడానికి ఒప్పుకుంది. మరో జట్టు కోసం మళ్లీ అంత పెద్ద బరువు ఎత్తుకోలేమని మేయర్ కాసిమ్ రీడ్ తేల్చి చెప్పారు. అప్పుడు ఆయనను చాలామంది తిట్టిపోశారు. ఇప్పుడు చూస్తే ఆ వ్యవహారం మొత్తంలో పన్ను సొమ్మును కాపాడిన నిర్ణయం ఆయనదే.

ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. అసలు సంగతి స్టేడియం గోడల బయట ఉంది. టర్నర్ ఫీల్డ్ చుట్టూ ఉన్న భూమి మీద జట్టుకు పెత్తనం లేదు. ఆట చూడ్డానికి వచ్చిన మనిషి ఆటకు ముందూ తరువాతా ఎక్కడ తింటాడు, ఎక్కడ తాగుతాడు, ఎక్కడ బస చేస్తాడు అన్న దాంట్లో జట్టుకు చిల్లిగవ్వ దక్కేది కాదు. కాబ్ కౌంటీలో 75వ, 285వ అంతర్రాష్ట్ర రహదారులు కలిసే చోట జట్టుకు స్టేడియంతో పాటు చుట్టూ కావలసినంత నేల దొరికింది. అక్కడ బ్యాటరీ అట్లాంటా పేరుతో హోటల్, కార్యాలయాలు, అపార్ట్‌మెంట్లు, సంగీత కచేరీల హాలు, రెస్టారెంట్లు కట్టారు. ఆట లేని రోజుల్లో కూడా అక్కడ అద్దెలు వస్తూనే ఉంటాయి.

ఆ జట్టు కంపెనీ 2023లో మాతృసంస్థ లిబర్టీ మీడియా నుంచి విడిపోయి స్టాక్ మార్కెట్లో సొంతంగా నమోదైంది కాబట్టి దాని ఖాతాలు ఎవరైనా చూడవచ్చు. 2024లో మొత్తం ఆదాయం సుమారు 66 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 6.7 కోట్లు బ్యాటరీ అభివృద్ధి నుంచే వచ్చాయి. ప్రేక్షకుల సంఖ్యా పెరిగింది. టర్నర్ ఫీల్డ్ చివరి ఏడాది 2016లో సుమారు 20 లక్షల మంది వచ్చారు. 2017లో జట్టు 90 ఆటలు ఓడిపోయినా 25 లక్షల మంది కొత్త స్టేడియానికి తరలివచ్చారు. 2021లో లీగ్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగి, 2023లో ప్రేక్షకులు దాదాపు 32 లక్షలకు చేరారు. వ్యాపారంగా చూస్తే వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఇవాళ స్టేడియం కట్టుకోవాలనుకునే ప్రతి జట్టూ బ్యాటరీ నమూనాను ముందు పెట్టుకుని మాట్లాడడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఇంత లాభం తెచ్చే భూమి మీద స్టేడియం కట్టడానికి ప్రజల సొమ్ము ఎందుకు అవసరమైంది అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. స్టేడియం ఖర్చు తొలి అంచనా 67.2 కోట్ల డాలర్లు. అందులో కాబ్ కౌంటీ వాటా సుమారు 30 కోట్లు. కౌంటీని నడిపించే బాధ్యులుగా ప్రజలు ఎన్నుకున్న ఐదుగురు కమిషనర్లు ఉంటారు. నవంబరు 11న ప్రకటన వస్తే, నవంబరు 26న వాళ్లు 4–1 ఓట్లతో ఆమోదించేశారు. ముప్పై ఏళ్ల అప్పుకు పదిహేను రోజుల చర్చ. వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్కరు లీసా క్యూపిడ్. ప్రజల ఓటు తీసుకోలేదు. 2014 మే నెలలో ఒప్పందాల మీద జరిగిన బహిరంగ సమావేశంలో మాట్లాడే అవకాశాలను సమర్థకులు ముందే వరుసకట్టి దక్కించుకోవడంతో వ్యతిరేకులకు నోరు విప్పే వీలే లేకపోయింది. ఒక మంచి పథకానికి అంత భయం ఎందుకు ఉండాలో సమర్థకులు ఎన్నడూ చెప్పలేదు. ఆ అప్పు కోసం కౌంటీ తలపెట్టిన బాండ్ల మీద వేసిన వ్యాజ్యాలు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015లో ఓడిపోయాయి. ఒప్పందాన్ని ముందుండి నడిపిన కౌంటీ చైర్మన్ టిమ్ లీ మాత్రం 2016లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికల్లోనే పరాజయం పాలయ్యారు.

కౌంటీ వాదన సూటిగానే ఉంటుంది. లక్షల మంది వస్తారు, ఖర్చు పెడతారు, అమ్మకపు పన్ను పెరుగుతుంది, చుట్టుపక్కల ఆస్తుల విలువ పెరుగుతుంది, ఆ రాబడితో అప్పు తీరుతుంది. వినడానికి ఎక్కడా లోపం కనిపించదు. లోపం దొర్లేది ఎక్కడంటే, స్టేడియంలో ఖర్చయిన ప్రతి డాలరూ కొత్తగా పుట్టుకొచ్చిందని అనుకోవడంలో. కాబ్ కౌంటీలో ఉండే ఒక కుటుంబం శనివారం సాయంత్రం ఆటకు వెళ్లి రెండు వందల డాలర్లు ఖర్చు పెడితే, ఆ వారం సినిమాకో, ఇంటి దగ్గరి రెస్టారెంట్‌కో వెళ్లదు. కాబ్‌లోనే ఉన్న మారియెట్టా పట్టణంలో హోటల్ నడుపుకునే చిన్న వ్యాపారి పోగొట్టుకున్నదే బ్యాటరీలో రెస్టారెంట్‌కు దక్కుతుంది. కౌంటీ ఖజానాకు రెండూ ఒకటే. బయటి కౌంటీల నుంచి వచ్చేవాళ్లు తెచ్చే డబ్బు నిజంగా కొత్తదే, కానీ అందులో పెద్ద భాగం జట్టు యాజమాన్యానికీ, ఆటగాళ్ల జీతాలకూ పోతుంది. ఆ జీతాల్లో ఎక్కువ భాగం కాబ్‌లో ఖర్చు కాదు.

కాబ్ కౌంటీలోనే ఉన్న కెన్నెసా స్టేట్ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం బోధించే జె.సి. బ్రాడ్‌బరీ ఈ లెక్కను ఓపికగా తవ్వి తీశారు. స్టేడియం వచ్చాక పెరిగిన పన్ను రాబడిని కౌంటీ పెట్టిన ఖర్చుతో పోల్చి చూస్తే ఏటా సుమారు 1.5 కోట్ల డాలర్ల లోటు తేలిందని ఆయన అంచనా. కౌంటీలోని ఒక్కో కుటుంబానికి లెక్కగడితే ఏడాదికి దాదాపు 50 డాలర్లు. స్టేడియాల మీద ఆర్థికవేత్తలు మూడు దశాబ్దాలుగా చేసిన పరిశోధనలన్నీ దాదాపు ఇదే మాట చెబుతున్నాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు. కాబ్ ప్రత్యేకత ఏమిటంటే, అన్నీ కలిసి వచ్చినా లోటు తప్పలేదు. ఆ ఏళ్లలో దేశ ఆర్థిక పరిస్థితి బాగుంది, జట్టు ఛాంపియన్ అయింది, బ్యాటరీ కిటకిటలాడింది. ఇంతకంటే మంచి రోజులు ఏ శివారుకైనా ఎక్కడి నుంచి వస్తాయి?

2018లో కాబ్ కౌంటీ బడ్జెట్ కొరతలో పడి, కొన్ని గ్రంథాలయాలను మూసే ఆలోచన చేసి, చివరికి ఆస్తి పన్ను రేటు పెంచింది. ఆ కొరతకు స్టేడియం ఒక్కటే కారణమనడం అన్యాయం. అంతకు ముందు పన్ను తగ్గించడం వంటి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ పిల్లలు చదువుకునే గ్రంథాలయం తెరిచి ఉంచాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న కౌంటీ, అదే ఏడాది ఒక లాభసాటి వ్యాపారం స్టేడియానికి వాయిదాలు కట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేం.

ఇక రవాణా. అట్లాంటా స్టేడియం కథలో మనసుకు ఎక్కువ కష్టం కలిగించే భాగం ఇదే. తరలింపును సమర్థించుకోవడానికి జట్టు ఒక పటం విడుదల చేసింది. 2012లో టికెట్లు కొన్నవాళ్ల చిరునామాలను అందులో చుక్కలుగా గుర్తించారు. చుక్కలన్నీ నగరానికి ఉత్తరాన ఉన్న శివార్ల మీద దట్టంగా అలుముకున్నాయి, దక్షిణాన పలుచబడ్డాయి. ప్రేక్షకుల దగ్గరికే మేం వెళ్తున్నాం అన్నది జట్టు మాట. కానీ టికెట్ కొన్నవాళ్లే ఆ పటంలో ఉన్నారు. కొనే స్థోమత లేనివాళ్లు, ఇంట్లో టీవీలోనో రేడియోలోనో ఆట అనుసరించేవాళ్లు, బస్సెక్కి వచ్చి ఏడాదికి ఒక్కసారి ఆట చూసేవాళ్లు ఆ చుక్కల్లో ఎక్కడా కనబడరు. అట్లాంటాలో ఉత్తర శివార్లు ఎక్కువగా తెల్లవారివీ సంపన్నులవీ, దక్షిణ పేటలు ఎక్కువగా నల్లవారివి. ఆ విభజన ఒక్కరోజులో ఏర్పడలేదు, దాని వెనుక రవాణాకూ పెద్ద పాత్ర ఉంది.

మహానగరం మొత్తానికీ రైళ్లూ బస్సులూ నడపాలని మార్టా సంస్థను తలపెట్టినప్పుడు 1965లో కాబ్ కౌంటీ ఓటర్లు అందులో చేరబోమని తీర్పిచ్చారు. నగరంలోని నల్లవారు తమ వైపు రాకూడదన్న భయం ఆ కాలంలో అట్లాంటా శివార్ల రాజకీయాల్లో ఎంత బలంగా ఉండేదో చరిత్రకారులు చాలా రాశారు. అదే కౌంటీకి, మార్టా రైలు అడుగు పెట్టని చోటుకు, హ్యాంక్ ఆరన్ ఆడిన జట్టు తరలింది. రహదారి మీదుగా స్టేడియానికి పాదచారుల వంతెన కట్టారు, కౌంటీ బస్సులు నడుస్తున్నాయి. కానీ దక్షిణ అట్లాంటాలో కారు లేని కుటుంబానికి రాత్రి పదిన్నరకు ఆట ముగిశాక ఇంటికి చేరడం అంటే మాటలు కాదు. 2024 నవంబరులో బస్సు సేవలను విస్తరించడానికి ప్రత్యేక అమ్మకపు పన్ను వేద్దామన్న ప్రతిపాదనను కాబ్ ఓటర్లు భారీ తేడాతో తిరస్కరించారు. స్టేడియానికి జనం ఓటే అడగలేదు, బస్సుకు అడిగితే వద్దన్నారు.

ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్, కమ్మింగ్ వైపు స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు ఆ చుక్కల పటం దట్టంగా ఉన్న దిక్కునే ఉన్నాయి. వాళ్లలో చాలామందికి కొత్త స్టేడియం దగ్గరి దారే: కారెక్కితే పిల్లలతో సాయంత్రం ఆట చూసి రావచ్చు. ఆ సౌకర్యం నిజమైనదే, దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. అయితే ఆ దిక్కున మార్టా రైలు నార్త్ స్ప్రింగ్స్ దగ్గరే ఆగిపోతుంది. కారు నడపని తాతయ్యకో, పదిహేనేళ్ల పిల్లవాడికో ఒంటరిగా స్టేడియానికి వెళ్లే దారి అక్కడా లేదు.

జట్టు వదిలి వెళ్లిన చోట ఏమైందన్నది ఈ కథలో చాలామంది ఊహించని మలుపు. టర్నర్ ఫీల్డ్‌నూ, చుట్టూ ఉన్న పార్కింగ్ భూములనూ జార్జియా స్టేట్ యూనివర్సిటీ, దాని భాగస్వామి సంస్థ కలిసి 2017 జనవరిలో దాదాపు 3 కోట్ల డాలర్లకు కొన్నాయి. స్టేడియాన్ని విద్యార్థుల ఫుట్‌బాల్‌కు మార్చారు. జార్జియా అవెన్యూలో మూతపడి ఉన్న పాత దుకాణాలను బాగుచేసి రెస్టారెంట్లు తెరిచారు. ఖాళీ తారు మీద ఇళ్లు లేచాయి, సూపర్ మార్కెట్ వచ్చింది. యాభై ఏళ్ల పాటు ఒక పెద్ద లీగ్ జట్టు పక్కన ఉండి సమ్మర్‌హిల్‌కు చేయలేనిది, ఆ జట్టు వెళ్లిపోయిన కొద్ది ఏళ్లలోనే జరిగింది. ఇది పూర్తిగా శుభవార్త కాదు. అద్దెలూ ఇళ్ల ధరలూ పెరిగి పాత కుటుంబాలకు అక్కడ నిలదొక్కుకోవడం కష్టమవుతోంది. అయినా స్టేడియం పోతే నగరం వెలవెలబోతుందన్న భయానికి అట్లాంటాలో ఆధారం దొరకలేదు.

శివారుకు వెళ్లిన జట్టు అక్కడే శాశ్వతంగా ఉంటుందన్న హామీ కూడా లేదు. మిన్నెసోటాలో ట్విన్స్ జట్టు 1961 నుంచి బ్లూమింగ్టన్ శివారులో ఆడి, ఇరవై ఏళ్లకే మినియాపోలిస్ నగరంలోకి వెళ్లిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు మాల్ ఆఫ్ అమెరికా ఉంది. డెట్రాయిట్ బాస్కెట్‌బాల్ జట్టు పిస్టన్స్ 1988 నుంచి ఆబర్న్ హిల్స్ శివారులో ఉండి, బ్రేవ్స్ బయటికి వెళ్లిన 2017లోనే నగరం మధ్యకు తిరిగొచ్చింది. పిస్టన్స్ వదిలేసిన భవనాన్ని 2020లో కూల్చేశారు. టెక్సస్‌లో ఆర్లింగ్టన్ పట్టణం రేంజర్స్ జట్టు కోసం 1994లో స్టేడియం కట్టింది. అది ఇరవై రెండేళ్లు నిండేసరికే, పైకప్పూ ఏసీ ఉన్న మరొకటి కావాలన్నారు. 2016లో ఓటర్లు 50 కోట్ల డాలర్లకు మళ్లీ ఒప్పుకున్నారు. జట్టుకు నిలకడగా ఉండేది బేరమాడే శక్తి ఒక్కటే. పక్క ఊరు ఎంత ఇస్తుందో అన్న బెదిరింపు ఉన్నంత కాలం అది తరిగిపోదు.

ఆ బెదిరింపుకు లొంగకపోతే ఏమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం చూపించింది. జెయింట్స్ జట్టు కొత్త స్టేడియానికి ప్రజల డబ్బు అడిగితే 1987, 1989లలో నగర ఓటర్లు కాదన్నారు. శివార్ల వైపు చూస్తే 1990లో శాంటా క్లారా కౌంటీ, 1992లో శాన్ హోసే ఓటర్లు కూడా కాదన్నారు. జట్టు ఫ్లోరిడాకు వెళ్లిపోయే దాకా వచ్చింది, చివరికి కొత్త యజమానులు కొని నగరంలోనే ఉంచారు. వాళ్లు ప్రధానంగా ప్రైవేటు పెట్టుబడితో సముద్రపు ఒడ్డున స్టేడియం కట్టి 2000లో తెరిచారు. పక్కనే రైల్వే స్టేషన్, ట్రామ్ మార్గం. నాలుగుసార్లు వద్దన్న ప్రజలకు జట్టూ దక్కింది, డబ్బూ మిగిలింది.

కాబట్టి జట్టు శివారుకు వెళ్లాలా అంటే, తన సొమ్ముతో, తన భూమిలో కట్టుకునేట్టయితే వెళ్లనివ్వవచ్చు. నగరం దాన్ని ఆపడానికి ఖజానా తెరవనక్కరలేదు. శివారు మాత్రం చెయ్యి జేబులోకి పోనిచ్చే ముందు ప్రజల ఓటు తీసుకోవాలి. చుట్టూ పెరిగే భూమి విలువలో వాటా రాయించుకోవాలి. మొదటి ఆట నాటికే రాత్రి చివరి ఆట తరువాత కూడా నడిచే బస్సో రైలో ఉండాలని ఒప్పందంలో పెట్టాలి. కాబ్ ఈ మూడింటిలో ఏదీ చేయలేదు. ఆనాడు ఒంటరిగా వద్దన్న లీసా క్యూపిడ్ 2020 ఎన్నికల్లో గెలిచి 2021 నుంచి ఆ కౌంటీకి అధ్యక్షురాలయ్యారు. స్టేడియం బాండ్ల వాయిదాలు కౌంటీ బడ్జెట్‌లో 2040ల మధ్య దాకా ఏటా కనబడుతూనే ఉంటాయి.